హాంట్ అనే క్రియ, మా పెరటి గోడ

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక. ప్రతి సాయంత్రం మా ఇంటి వెనక గోడకు ఆనుకుని ఏదో వచ్చి నిలబడి, కాసేపుండి పోతుంటే, నేను ముందుగదిలో ట్యూబ్‌లైటు కింద కూర్చుని దాని సంగతి ఇంగ్లీషు నిఘంటువులో వెతికాను. పెరటి తలుపు తీసి చూడొచ్చు కదా అని మీరనుకుంటారు. మా ఆవిడ కూడా అదే అంది. తలుపు తీయడానికి ధైర్యం కావాలి, నిఘంటువు తీయడానికి కళ్ళజోడు చాలు. నా దగ్గర ఉన్నది కళ్ళజోడు.

ఆత్మకూరులో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. పదవి పోయింది, పదాలు మిగిలాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బస్టాండు వెనక అద్దె ఇంట్లో, హారన్ల మధ్య కాపురం చేశాం. రిటైరయ్యాక పడక్కుర్చీలో కూర్చుని కొండను చూస్తూ ఉండాలన్నది నా కోరిక. ఉదయగిరిలో, ఊరు అయిపోయి కొండ మొదలయ్యే చోట, దుర్గం కింద ఒక జాగా దొరికింది. కంపచెట్లు కొట్టించి ఇల్లు కట్టుకున్నాం. మా ఆవిడకు ఇష్టం లేదు. ఆమె పుట్టింది, పెరిగింది, చీరలు కొన్నది, పోట్లాడింది అంతా ఆత్మకూరులోనే. గృహప్రవేశం రోజు పాలు పొంగుతుండగా నాతో ఒక మాట అంది.

"ఒక ఏడాది చూస్తానండీ. ఈ ఇల్లు నన్ను ఉండనిస్తే ఉంటాను. లేదంటే ఆత్మకూరుకు పోతాను. మీరు రావాలనుకుంటే రండి, కొండే కావాలనుకుంటే కొండతోనే ఉండండి."

ఆమె బెదిరించే మనిషి కాదు. బెదిరింపయితే గట్టిగా చెప్పేది. నెమ్మదిగా చెప్పింది కాబట్టే నాకు భయమేసింది. చారు కాచుకోవడం కూడా రానివాణ్ణి. కొండ ఎంత అందంగా ఉన్నా కంచంలోకి రాదు. అయినా అసలు సంగతి చారు కాదు. ఇన్నేళ్ళ తర్వాత ఆమె ఒక ఊళ్ళో, నేను ఒక ఊళ్ళో ఉంటే, సాయంత్రం పూట నేను చదివి వినిపించే మాటలకు "అయితే ఏంటంట" అనడానికి మనిషి ఉండదు.

పేరుకు ఉదయగిరి గానీ మా ఇంటికి అది అస్తమయగిరి. పొద్దు కొండ వెనక్కి జారగానే మిగతా ఊరికంటే ముందు మా పెరట్లో చీకటి పడుతుంది. వెనక ప్రహరీలో గేటు కోసం మేస్త్రీ వదిలిన ఖాళీ అలాగే ఉండిపోయింది. వెల్డింగ్ షాపాయన్ని ఎప్పుడడిగినా "రేపు" అనేవాడు. ఆ ఖాళీని మేస్త్రీ ఎక్కడ పడితే అక్కడ వదల్లేదు. "ఈడ నేల తొక్కి తొక్కి గట్టిపడి ఉండాది సార్. దావ ఉన్నట్టుండాది. ఈడే పెడతా" అన్నాడు. ఎవరు తొక్కారని నేను అడగలేదు.

మొదట వినపడింది రాపిడి. వంటగది గోడకు బయటివైపు, నడుమెత్తులో, ఎవరో గోనెసంచిని గోడకు ఆనించి నెమ్మదిగా లాక్కుపోతున్నట్టు. ఉదయగిరి చెక్క గరిటెలకు పేరు, ఏ రాపిడి వినపడినా ముందు అవే గుర్తొస్తాయి, ఎవరో గరిటెలు నున్న చేస్తున్నారేమో అన్నాను. "మన గోడకేసి నున్న చేస్తారా" అంది మా ఆవిడ. తర్వాత దగ్గు, ఒకే ఒక్కసారి. ముసలివాళ్ళు తాము ఉన్నామని తెలియడానికి దగ్గుతారే, అలాంటి దగ్గు. దాని వెంట పాత కంబళి వాసన. ఆ పైన ఏమీ లేదు. కానీ ఆ ఏమీ లేకపోవడం ఖాళీగా లేదు. నిండా మనుషులున్న గదిలో అందరూ ఒకేసారి ఊపిరి బిగపడితే ఎలా ఉంటుందో అలా ఉంది. చివర, కొండ వైపు నుంచి ఎవరో నాలుకతో చేసిన చిన్న చప్పుడు. అంతే, గోడ అవతల ఏదో బరువు తగ్గింది.

మర్నాడూ అదే వరస. రాపిడి, దగ్గు, కంబళి, ఊపిరి బిగపట్టిన నిశ్శబ్దం, నాలుక చప్పుడు. పొద్దు కొండ వెనక్కి జారడం ఆలస్యమైతే అదీ ఆలస్యంగా వచ్చేది. పొద్దున్నే చూస్తే గోడ మీద నడుమెత్తున జిడ్డు చార. నేలమీద పెంటికలు కూడా ఉండేవి. నిజం చెప్పాలంటే చాలానే ఉండేవి. అయితే పగలంతా ఊళ్ళో మేకలు ఆ ఖాళీలోంచి వచ్చిపోతూనే ఉంటాయి కాబట్టి వాటి ఖాతాలో వేశాను. సాక్ష్యం చెప్పుకు అంటుకుని ఇంట్లోకి వస్తానంటే, గుమ్మం దగ్గర దులిపేసి నేను నిఘంటువు దగ్గరికి పోయాను.

రోడ్డు మీద దోసెలు వేసే ఆమెను ఒకరోజు మాటల్లో కదిలించాను. మా ఆవిడ కూడా పక్కనే ఉంది.

"మా పెరట్లోకి సాయంత్రంపూట ఎవరైనా వచ్చిపోతుంటారా అమ్మా?"

"అవ్వ వస్తాది సార్" అంది ఆమె, పెనం మీద నీళ్ళు చల్లుతూ. "పొద్దుగూకే యాళకి. ఏమీ అనదులే."

"ఏ అవ్వ?"

"ఆ జాగా అవ్వదే గదా. ఆమె చచ్చిపోయి రెండేళ్ళు దాటిపోయె. కారం ఎయ్యమంటారా?"

మా ఆవిడ దోసె తినలేదు. నేను రెండు దోసెలూ తిన్నాను. భయమేసినప్పుడు నాకు ఆకలెక్కువ.

ఆ సాయంత్రం నుంచి మా ఆవిడ పొద్దు వాలకముందే పెరటి తలుపు గడియ పెట్టి, దానికి అడ్డంగా పీట కూడా పెట్టేది. నాకు మాత్రం వాళ్ళ తమ్ముడి ఫోన్లు మొదలయ్యాయి. మా బావమరిదికి ఆత్మకూరులో ఎరువుల కొట్టుంది. గిరాకీ లేనప్పుడల్లా నేను గుర్తొస్తాను.

"బావా, దయ్యాల కొంప కట్టినావంట."

"ఎవర్రా చెప్పింది?"

"అక్క చెప్పింది. నేను ఆత్మకూరంతా చెప్పినాను. అట్టాంటి ఇంటిని ఇంగ్లీషులో ఏమంటారు బావా?"

"హాంటెడ్ హౌస్ అంటారు."

"చూడు, మాట కూడా తెలుసు నీకు. తెలిసి తెలిసి కట్టినావే."

రోజు విడిచి రోజు అదే ఫోను. ఎరువుకు వచ్చిన రైతుల ముందు స్పీకరు పెట్టి మరీ మాట్లాడేవాడని నాకు తర్వాత తెలిసింది. "మీ దయ్యం కులాసానా బావా? కాఫీ తాగుతాదా, టీనా?" చివర్లో ప్రతిసారీ "దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో మళ్ళీ ఒకసారి చెప్పు బావా, ఈడ మనోళ్ళు అడగతన్నారు" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. పాఠం అడిగితే చెప్పకుండా ఉండలేని జబ్బు నాది.

అలా వాడికి చెప్పీ చెప్పీ ఆ మాట మీద నాకే అనుమానం వచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ "హాంట్: దయ్యమై తిరుగుట, పట్టి పీడించుట" అని బోర్డు మీద రాసినవాణ్ణి. పిల్లలు రాసుకున్నారు, పరీక్షలో రాశారు, మార్కులు వేశాను. అది ఎక్కడి మాట, ఎవరింటి నుంచి వచ్చింది అని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు అది మా ఇంటికే వచ్చి కూర్చుంది కాబట్టి, మర్యాదకైనా ఊరూ పేరూ అడగాలి కదా.

నిఘంటువులో తెలిసిన మొదటి సంగతి, ఆ మాటలో ముందు దయ్యాలే లేవు. హాంట్ అంటే ఒక చోటికి అలవాటుగా పోతుండడం, అంతే. ఆ లెక్కన ఆత్మకూరు బస్టాండులో టీ అంగడిని నేను ఇన్నేళ్ళూ హాంట్ చేశాను, అదీ బతికుండగానే. మా బావమరిది ఆదివారం భోజనాలను హాంట్ చేశాడు. దయ్యాలు ఆ మాటలోకి చాలా తర్వాత వచ్చాయి. ఎవరో కట్టుకున్న ఇంట్లో అవి అద్దెకు దిగి, చివరికి ఇల్లే తమదన్నాయి. మాట ఇంగ్లీషుకు ఫ్రెంచి వైపు నుంచి వచ్చిందట, అక్కడా రాకపోకలే, అలవాటే. ఇంకా వెనక్కి పోతే, దాని వేరు ఉత్తరాన చలి సముద్రాల వైపు మాట్లాడిన ఒక పాత భాషలో ఉందట. రాసినవాళ్ళు పండితులు కనక "బహుశా" అని చేర్చారు. ఆ వేరుకు అర్థం, ఇంటికి తేవడం. హోమ్ అనే మాటా ఇదీ ఒక కడుపున పుట్టినవేనట. వేసవంతా కొండల మీద మేసిన గొర్రెలను చలి ముదరకముందు ఇంటికి తోలుకొచ్చే పనికి కూడా అక్కడివాళ్ళు ఆ మాటే వాడేవారట.

ఇది చదివి నేను "బాగుంది" అనుకున్నాను. కళ్ళజోడు తుడుచుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక గోడ అవతల ఏదో దగ్గింది. ఉలిక్కిపడి నిఘంటువు మూసేశాను. నా గురించి ఇంతకంటే చెప్పాల్సిందేమీ లేదు.

వ్యాకరణం ప్రకారం చూస్తే మా పరిస్థితి ఇది: క్రియ రోజూ జరుగుతోంది, కర్త కనపడడం లేదు, కర్మ మాత్రం మాది.

కర్తను చూద్దామని ఒకసారి సాహసించాను. వంటగదిలో పైన చిన్న వెంటిలేటరు ఉంది. స్టూలెక్కి దాంట్లోంచి చూశాను. పెరడంతా మసకగా, కొండ నీడ రంగులో ఉంది. మనిషి లేదు, చెట్టు కదలడం లేదు. ఊపిరి పీల్చుకుని దిగబోతుంటే నేల కదిలింది. పెరట్లో ఎర్రమట్టి నేల, చప్పుడు లేకుండా, నీళ్ళు పారినట్టు, గోడ ఖాళీలోంచి మా వంటగది వైపు వస్తోంది. గోడ దాకా వచ్చి ఆగింది. ఆగాక దగ్గింది.

స్టూలు మీద నుంచి నేను దిగిన పద్ధతిని దిగడం అనరు. మోకాలు వాచింది. మా ఆవిడతో కాలు జారిందని చెప్పాను. ఆమె నన్ను చూసి, వెంటిలేటరును చూసి, జండూబామ్ తెచ్చింది.

మర్నాడు ఆమె గోడ ఖాళీకి రెండు వైపులా వేపమండలు కట్టింది. వేపాకు ఉన్నచోటికి ఏదీ రాదని వాళ్ళమ్మ చెప్పేదట. సాయంత్రం రాపిడి వినపడింది, దగ్గూ వినపడింది. పొద్దున పోయి చూస్తే మండలు కట్టినచోటే ఉన్నాయి. ఆకు మాత్రం ఒక్కటి లేదు. ఈనెలతో సహా ఒలిచేసి, ఉత్త పుల్లలు వేలాడుతున్నాయి. ఆమె మళ్ళీ కట్టింది, మరింత గుబురుగా. మళ్ళీ పుల్లలే మిగిలాయి. గాలికి ఆ పుల్లలు గోడకు తగిలి టకటకమంటుంటే ఆమె చాలాసేపు వాటినే చూస్తూ నిలబడింది.

"వేపాకుకే భయపడనిది ఇంక దేనికి భయపడుతుందండీ" అంది.

మేకలు తిని ఉంటాయని అనబోయాను. కానీ కట్టింది పొద్దుగుంకే ముందు, అప్పటికి ఊళ్ళో మేకలన్నీ ఇళ్ళకు పోయి ఉంటాయి. చూశారా, అంత దగ్గరిదాకా పోయి వెనక్కి తిరిగి వచ్చాను.

వాళ్ళ తమ్ముడు ఫోన్లో ఈ మాట విని మొదటిసారి నవ్వలేదు. "అక్కను పేట దర్గాకు తీసకపో బావా. ఆడ ఒక పూట ఉండి వస్తే ఎట్టాంటివైనా వదిలిపోతాయి" అన్నాడు. మా ఆవిడ ఫోను లాక్కుంది.

"పట్టింది నాకు కాదురా, ఇంటికి. ఇంటిని బస్సెక్కించలేను గదా. నువ్వు ఆదివారం కారేసుకుని రా. నేను వచ్చేస్తాను."

ఫోను పెట్టేసి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఆమె నా చొక్కాలు సర్దలేదు. రమ్మంటే నేనూ పోయేవాణ్ణే, కానీ రమ్మనలేదు. కొండ కావాలన్నది నేను కదా.

శుక్రవారం సాయంత్రం పొద్దు కొండ వెనక్కి పోతుండగా ఆమె తల దువ్వుకుని, పళ్ళెంలో కర్పూరం పెట్టుకుని పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. అడ్డం పెట్టిన పీట తీసింది.

"ఏం చేస్తున్నావు?"

"చెప్పకుండా పోకూడదు. ఆమె చోట్లో ఇన్నాళ్ళు ఉన్నాం. ఒక మాట చెప్పి పోతాను."

కర్పూరం వెలిగించి గడియ తీసింది. నేను ఆమె భుజం వెనకే, అంటే భుజం పూర్తిగా అడ్డమొచ్చేంత వెనకే, నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది. కంబళి వాసన మీదికి వచ్చింది. మా ఆవిడ చీకటిలోకి చూస్తూ నెమ్మదిగా అంది:

"అవ్వా, నీ చోటని తెలీక వచ్చినాము. నేను ఎల్లుండి పోతాను. ఆయన్ను మాత్రం ఏమీ అనబాక. ఆయనకేమీ తెలీదు."

అది నన్ను కాపాడడమో, తిట్టడమో తేల్చుకునేలోపు కర్పూరం వెలుగు పెరట్లోకి పాకింది. నడుమెత్తులో, జతలు జతలుగా, పచ్చగా కళ్ళు వెలిగాయి. గోడ పొడుగునా కళ్ళే. ఒక్కటీ రెప్ప ఆర్పడం లేదు.

గొర్రెలు. మట్టిరంగు గొర్రెలు, అక్కడక్కడ నల్లవి. గొర్రెలే కదా అనుకుంటే భయం పోవాలి. పోలేదు. ఎందుకంటే గొర్రెలు అలా ఉండవు. మంద అంటే గోల. ఇవి నోరెత్తడం లేదు. పెరడంతా ఖాళీగా ఉన్నా, మా వంటగది పక్కన ఒక ముక్కలోనే ఒకదానికొకటి ఒత్తుకుని, గోడకు ఒరుసుకుంటూ నిలబడ్డాయి. చుట్టూ కంచె ఉన్నట్టు, ఆ గీత దాటి ఒక్క కాలూ బయటికి పెట్టడం లేదు. కంచె లేదు.

ఇంకా కొన్ని వస్తున్నాయి. బండి పట్టేంత ఖాళీలోంచి అవి ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ప్రతిదీ ఖాళీకి ఎడమవైపున గోడ చివర ఆగుతోంది. తల కొంచెం వంచి, నడుం కొంచెం దించి, ఒక క్షణం అలాగే ఉండి, అప్పుడు లోపలికి అడుగు వేస్తోంది. పైనుంచి చెయ్యి పడితే పశువు నడుం ఎలా దిగుతుందో అలాగే దిగుతోంది. అక్కడ చెయ్యి లేదు.

కర్పూరం ఆరిపోయింది. మా ఆవిడ కదల్లేదు. గోడ అవతలి నుంచి ఒక మనిషి గొంతు వినపడింది.

"కోప్పడబాకండి సార్. ఇంకొంచేపుంటే అయ్యే పోతాయి."

తలపాగా చుట్టుకున్న నడివయసు మనిషి, కర్ర పట్టుకుని ఖాళీకి దూరంగా నిలబడి ఉన్నాడు. నేను టార్చి వేశాక కూడా దగ్గరికి రాలేదు.

"ఎవరయ్యా నువ్వు?"

"అవ్వ కొడుకును సార్. మాయమ్మ పోయినాక ఈ జాగా అమ్మినాను. నా కాడ కొన్నాయనే మీకు అమ్మినాడు. ఈడే మా దొడ్డి ఉండింది. ఇప్పుడు రోడ్డవతల కట్టినాను. కొండ దిగతానే ఇటు తిరుగుతాయి. కొట్టినా తిరుగుతాయి. మాయమ్మ చెయ్యి పడందే ఆ దొడ్లోకి పోవు."

"చెయ్యి పడడమేంది?" అంది మా ఆవిడ.

"మాయమ్మకు లెక్క రాదమ్మా. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కోదాని మీదా చెయ్యేసి లోపలికి పంపేది. ఏది రాలేదో చేతికి తెలిసేది. పుట్టినకాణ్ణుంచి వాటికి అదే అలవాటు."

"మీ అమ్మ పోయింది గదయ్యా" అన్నాను నేను.

"నాకు తెలుసు సార్. వాటికెవరు చెప్తారు."

ఒక గొర్రె దగ్గింది. అచ్చం మనిషి దగ్గే.

"మందకు గంట ఉంటుంది గదా, అదన్నా వినపడలేదే" అంది మా ఆవిడ.

"మాయమ్మతో పాటే పూడ్చిపెట్టినాము తల్లీ. ఆమె చేతిలోనే."

"లోపలికొచ్చి నువ్వే తోలుకుపోవచ్చు గదా. ఆ చెయ్యేదో నువ్వే వెయ్యొచ్చు గదా."

అతను ఎడమవైపు గోడ చివరను చూశాడు. "అది మాయమ్మ నిలబడే చోటు. ఆమె ఉన్నప్పుడే నన్ను ఆడ నిలబడనిచ్చేది కాదు. చెయ్యి మారితే గొర్రె బెదురుతాది అనేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నేను బెదురుతాను సార్."

నాలుకతో చిన్న చప్పుడు చేశాడు. మంద కదిలింది, నేల పారినట్టు ఖాళీలోంచి బయటికి పోయింది. పోయేటప్పుడు ఏదీ ఆ గోడ చివర ఆగలేదు. ఒకటి మాత్రం వెళ్తూ వెళ్తూ మా ఆవిడ కట్టిన వేపపుల్లలను ఒకసారి వాసన చూసింది.

ఆ రాత్రి నేను నిఘంటువు తీసి ఆ పేజీ ఆమెకు చదివి వినిపించాను. గొర్రెలను ఇంటికి తోలుకురావడం, దాంట్లోంచి రాకపోకలు, దాంట్లోంచి దయ్యాలు. అంతా విని "అయితే ఇన్నాళ్ళూ మీకు ఇది తెలుసా" అంది. తెలుసన్నాను. "తెలిసేనా స్టూలు మీంచి పడింది" అంది. సర్దిన పెట్టె మాత్రం సర్దినట్టే ఉంది. గొర్రెలని తెలిసినంత మాత్రాన ఆమెకు ఇంటి మీద మనసు కుదరలేదు. అవి ఎవరికోసం వస్తున్నాయో అది ఇంకా అక్కడే ఉంది కదా అంది.

శనివారం పొద్దు వాలుతుండగా ఇంట్లో ఆమె కనపడలేదు. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. ఎడమవైపు గోడ చివర, సరిగ్గా ఆ చోట, కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది.

"ఇటు రా" అన్నాను, గడప దాటకుండా.

"ఎంతసేపని నిలబడతాయండీ పాపం, లేని చెయ్యి కోసం" అంది, తిరిగి చూడకుండా.

మంద వచ్చింది. ముందున్నది ముసలి గొర్రె. ఆమె దగ్గరికి రాగానే ఆగి, తల ఎత్తి, ఆమె ముఖం కేసి చాలాసేపు చూసింది. తర్వాత అది తల పక్కకు తిప్పింది. మా ఆవిడ దాని చెవి చివర పట్టుకుని మెల్లగా నలిపి, నడుం మీద చెయ్యేసింది. గొర్రె నిట్టూర్చింది. నిజంగానే, మనిషి నిట్టూర్చినట్టే, నిట్టూర్చి లోపలికి పోయింది. వెనక మరొకటి, దాని వెనక మరొకటి. గోడ అవతల అవ్వ కొడుకు కర్ర కింద పెట్టి నేల మీద కూలబడ్డాడు.

సగం మంద లోపలికి వచ్చాక వరసలో ఒక ఖాళీ వచ్చింది. ముందుది పోయింది, వెనకది రాలేదు. ఆగింది. ఒక గొర్రె పట్టేంత చోటు వదిలి ఆగింది. మా ఆవిడ చెయ్యి ఆ ఖాళీలోకి దిగి, గాలిలో, చిన్న గొర్రె నడుమెత్తులో నిలిచింది. ఒక క్షణం. అప్పుడు వెనకది అడుగేసింది.

అంతా అయ్యాక అతను లేచి వచ్చాడు. గోడ ఖాళీ దగ్గరికి రావడం అదే మొదటిసారి.

"ముసలిదాని చెవి నలపమని నీకెవరు చెప్పినారమ్మా?"

"ఎవరూ చెప్పలేదే. అదే చెవి ఇచ్చింది."

"మాయమ్మ అట్టే చేసేది" అని, కొంతసేపు తలపాగా సర్దుకుంటూ ఉండిపోయాడు. "మధ్యలో ఆగినాయి చూడు, ఆడ ఒకటి ఉండేది. తల్లి లేని పిల్లయితే మాయమ్మ సీసాతో పాలు తాపి సాకింది. మాయమ్మ పోయినాక అది మేత ముట్టలేదు. ఆమె వెనకే పోయింది."

మందను తోలుకుని అతను వెళ్ళాక నేను మా ఆవిడను అడిగాను. "మధ్యలో అక్కడ ఏమీ లేదు కదా. చెయ్యెందుకు పెట్టావు?"

ఆమె తన అరచెయ్యి చూసుకుంది. జిడ్డుగా, కంబళి వాసన వేస్తోంది.

"వెచ్చగా ఉండింది" అంది.

ఆ తర్వాత పెట్టె తెరిచి చీరలు ఒక్కొక్కటే బీరువాలో పెట్టుకుంది. వంటగదిలో చారు పొంగుతున్న చప్పుడు వినపడుతుంటే, ఇల్లు ఎవరిని పట్టింది, ఎవరు ఇంటిని పట్టారు అని ఆలోచిస్తూ పడక్కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. కొండను మాత్రం చూడలేదు.

ఆదివారం రావద్దని ఆమె ఫోను చేసింది. "రాబాకరా. నాకు సాయంత్రం పనుండాది." ఆ "పనుండాది" విని మా బావమరిది భయపడి కారేసుకుని వచ్చేశాడు. వస్తూనే గుమ్మంలో నన్ను పక్కకు లాగాడు.

"అక్కకు పూర్తిగా పట్టేసింది బావా. నీ ఇంగ్లీషు దయ్యం మా అక్కను మింగేసింది. ఆత్మకూరులో నా మొహం ఎట్ట చూపించేది?"

"ఇన్నాళ్ళూ స్పీకర్లో చూపించావు కదరా. కూర్చో, కాఫీ తాగుదువు గానీ."

పొద్దు కొండ మీదికి వచ్చింది. స్టూలు తీసుకుపోయి పెరటి గోడ చివర, ఎడమవైపు వేశాను. నేను పడిన స్టూలే. మా ఆవిడ వంటగది కిటికీలోంచి చూసి నవ్వాపుకుంటూ పక్కకు తిరిగింది. మా బావమరిది కాఫీ గ్లాసు ఎడంచేత్తో పట్టుకుని దాని మీద కూర్చున్నాడు. "గాలి బాగుంది బావా ఇక్కడ" అన్నాడు. కొండ దిగి మంద రావడం చూశాడు గానీ, ఊళ్ళో మంద అనుకున్నాడు. ముసలి గొర్రె వచ్చి వాడి ముందు ఆగింది. తల ఎత్తి వాడి ముఖంలోకి చూసింది. వెనక మందంతా చప్పుడు లేకుండా ఆగింది.

"ఏంది బావా ఇది? పోదేంది?"

"దాని మీద చెయ్యెయ్యి. వేస్తే పోతుంది. అన్నిటి మీదా వెయ్యాలి. మధ్యలో లేవకూడదు, బెదురుతాయి."

వేశాడు. ఒకదాని మీద, మరొకదాని మీద. కాఫీ చల్లారింది. గోడ అవతల అవ్వ కొడుకు నా వైపు చూశాడు, నేను కళ్ళతోనే ఊరుకోమన్నాను. వరసలో ఖాళీ వచ్చింది. మంద ఆగింది. వాడి చెయ్యి అలవాటులో కిందికి దిగి, గాలిలో ఆగిపోయింది. తియ్యలేదు. తియ్యలేకపోయాడో, తియ్యాలనిపించలేదో నాకు తెలియదు.

"బావా" అన్నాడు, నా వైపు తిరగకుండా, చాలా నెమ్మదిగా. "ఈడ ఏమీ లేదు గదా."

"అది కూడా మనదేరా. పోనియ్యి."

వెనక గొర్రె అడుగేసింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని అరచేతిని చూసుకున్నాడు, ప్యాంటుకు తుడుచుకోబోయి ఆగాడు. చివరిది లోపలికి పోయేదాకా అలాగే కూర్చుని, అప్పుడు నన్నడిగాడు. స్పీకరు లేదు, ఎరువుల రైతులు లేరు, మా ఇద్దరి మధ్య చీకటి పడిన పెరడు తప్ప ఏమీ లేదు.

"దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు బావా?"

నాకు తెలుసు. వేరుతో సహా తెలుసు. చెప్పలేదు.